ముల్లు వాలిన వైపు

మా బావ ప్రతి గురువారం బ్యాటరీ పట్టుకుని శ్రీకాకుళం వెళ్లేవాడు. శుక్రవారం పొద్దెక్కాక తిరిగొచ్చేవాడు. ఆ మధ్యలో ఉన్న రాత్రి ఎక్కడ పడుకుంటున్నాడన్నదే నా దిగులు. దిగులని మర్యాదగా రాశాను గానీ, అది అనుమానం. అనుమానమనే రాయాలి.

బావ అంటే నా మొగుడే. మా మేనత్త కొడుకు. చిన్నప్పటినుంచీ బావా అని పిలిచిన నోటికి పెళ్లయ్యాక ఏమండీ అనడం రాలేదు. ఆయనా అడగలేదు. మాది చీపురుపల్లి దాటాక బస్సు దిగి చేలగట్ల మీద నడిచి వెళ్లాల్సిన ఊరు. నూతుల మీదికి ఆయిల్ ఇంజన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. అవి నీళ్లు తోడిన రోజుల కంటే మొరాయించిన రోజులే ఎక్కువ. వాటిని విప్పి బాగుచేయడం మా బావ పని. ఈ ఊరనీ ఆ ఊరనీ లేదు, ఎక్కడ ఇంజను ఆగితే అక్కడికి కబురు వచ్చేది.

తిరగడానికి ఒక మోటారు సైకిలు ఉండేది. యుద్ధం నాటి ఇంగ్లీషు బండి. మిలిటరీ వాళ్లు వేలం వేస్తే ఎన్ని చేతులు మారిందో ఏమో, ఆఖరికి మా వాకిట్లోకి వచ్చి పడింది. దాని ఇంజను తిరగడానికి బ్యాటరీతో పని లేదు. బ్యాటరీ దీపానికీ హారనుకీ మాత్రమే. అయితే ఊళ్లు తిరిగేవాడికి చీకటి పడకుండా ఇల్లు చేరడం కుదరదు కదా. దీపం లేకపోతే సాయంత్రం వచ్చే పనుల కబుర్లన్నీ వదులుకోవాలి. ఇంజను పక్కన డైనమో అని ఒక ఇనప డొల్ల ఉండేది. బండి నడుస్తున్నంతసేపూ అది కరెంటు పుట్టించి బ్యాటరీలోకి పోస్తుందని బండి కొన్న కొత్తలో మా బావే నాకు చెప్పాడు. గొప్పగా చెప్పాడు.

అందుకే అడిగాను. కరెంటు పుట్టించేది ఇంట్లోనే ఉంటే బ్యాటరీని వారం వారం శ్రీకాకుళం మోయడమేమిటని. పాడిగేదెను పెరట్లో కట్టుకుని పక్కూరికి పాలకు పోయినట్టు లేదూ?

"నీకు తెలీదు, ఒగ్గేయ్," అన్నాడు.

నాకు తెలియదన్న మాట నిజమే. వదిలెయ్యమనడమే నాకు నచ్చలేదు.

ఇదంతా ఆ ఏడు దసరా తరవాత మొదలైంది. అంతకుముందు ఆ బ్యాటరీతో ఏ గొడవా లేదు. దసరాకి ముందు ముసురు పట్టి వదల్లేదు. బండి చావిట్లో నిలబడిపోయింది. ముసురు విడిచేసరికి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. ఆయుధపూజ నాడు మా అత్త నాగలికీ, కత్తికీ, కొడవలికీ, బండికీ పసుపు రాసి బొట్లు పెట్టింది. పళ్లెం పట్టుకుని నేను వెనకాలే ఉన్నాను. పండగ వెళ్లిన గురువారం బావ మొదటిసారి ఆ బ్యాటరీని శ్రీకాకుళం తీసుకెళ్లాడు. విడిభాగాల కొట్టుకు గురువారమే సరుకు వస్తుంది, రెండు పనులూ ఒకేసారి అవుతాయన్నాడు. బ్యాటరీ నిండడానికి రాత్రంతా పడుతుంది, పెట్రోలు తగలేసి రెండుసార్లు తిరగలేనన్నాడు. బాగానే ఉంది. పోయి వచ్చాడు. బ్యాటరీ బిగించాడు, దీపం వెలిగింది. ఆదివారం దాకా కూడా నిలవలేదు. మళ్లీ గురువారం వెళ్లాడు. ఆ మీది గురువారం కూడా.

శుక్రవారం వచ్చేటప్పుడు మనిషి ఎలా ఉండేవాడో చెబుతాను. తల నున్నగా దువ్వి ఉండేది. మా ఇంట్లో దువ్వుకుంటే అలా ఉండదు. నోరు తాంబూలంతో ఎర్రగా ఉండేది. ఇంట్లో కిళ్లీ వాసన తగిలితే మొహం తిప్పుకునే మనిషి. చొక్కా అంచున చిన్న చిన్న చిల్లులు, నిప్పురవ్వలు పడ్డట్టు. అడిగితే యాసిడ్డు అనేవాడు. ఒక్కోసారి తనలో తానే నవ్వుకునేవాడు. ఇంజన్లు బాగుచేసేవాడికి నవ్వుకోవడానికి ఏముంటుంది?

మా అత్తతో అన్నాను. బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు.

"మీ మావ కూడా ఇలగే సాలూరు ఎల్లీవోడే, ఎద్దులు కొనడానికి."

"కొన్నాడా?"

"ఏటే కొనడం! పదేళ్లు ఎల్లినాడు. ఒక్క ఎద్దూ రానేదు."

ఇంక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బావకి కూడా మనశ్శాంతి లేదు. ఆ మాట ఒప్పుకోవాలి. వాకిట్లో బండి ముందు గొంతుక్కూర్చుని ఆ తీగా ఈ తీగా పీకి చూసేవాడు. డైనమోకీ బ్యాటరీకీ మధ్య కటౌట్ అని ఒక చిన్న పెట్టె ఉంది. బండి ఆగినప్పుడు బ్యాటరీలో కరెంటు వెనక్కి పోకుండా తలుపు మూస్తుందట. దాని మూత తీస్తే లోపల ఒకదానికొకటి తగిలే ముక్కలు మాడి నల్లబడి ఉండేవి. గరుకు కాగితంతో రుద్దేవాడు. వారం తిరిగేసరికి మళ్లీ నలుపు. ఊళ్లో ఎవరో పనిగట్టుకుని తీగ ఆనించి బ్యాటరీ ఖాళీ చేస్తున్నారని కొన్నాళ్లు అనుకున్నాడు. గోనెసంచి కప్పి, తాడుతో బిగించి, ముడి ఎలా వేశాడో గుర్తుపెట్టుకుని పడుకునేవాడు. ఆయన ముడిని కనిపెట్టుకుని ఆయన, ఆయన్ని కనిపెట్టుకుని నేను. ఇంట్లో ఎవరూ ఎవరితోనూ తిన్నగా మాట్లాడని రోజులవి.

దీపం డొప్ప మీద ఒక గుండ్రటి గాజుబిళ్ల, అందులో ఒక ముల్లు ఉండేది. బ్యాటరీలోకి కరెంటు వస్తుంటే కుడికి, పోతుంటే ఎడమకి వాలాలి. ఒకరోజు బావ ఇంజను ఆపేసి ఉత్త దీపం వేశాడు. ముల్లు కుడికి వాలింది.

"సూడు! ఇంజను ఆగిపోయుంది, దీపం కరెంటు తినీస్తన్నాది. ఇదేటో నిండుతన్నాదని సూపిస్తన్నాది. ముల్లు అబద్ధమాడతన్నాది."

"ముల్లో, నువ్వో," అన్నాను.

తలెత్తి చూశాడు. దీపం ఆర్పి లోపలికి పోయాడు. తప్పులేనివాడైతే కోప్పడాలి కదా అని నేను దాన్ని కూడా లెక్కలో వేసుకున్నాను. మా నాన్నకి కబురు చేద్దామనుకున్నాను. అయితే మా అత్త మా నాన్నకి అక్క. అక్కడికి పోయి ఏమని చెప్పుకోను? నిజం తేలితే పుట్టింటికి పోవాలి, తేలకపోతే ఇక్కడే ఉండి కుళ్లాలి. ముందు నిజం తేలాలి.

అంతలో ఒక బుధవారం బావకి చలిజ్వరం పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. గురువారం పొద్దున్నే లేచి గోడ పట్టుకుని బండి దగ్గరికి నడుస్తున్నాడు.

"ఎక్కడికి?"

"బేట్రీ..."

"ఈ ఒక్క వారం ఎల్లకపోతే ఏటైపోతాది?"

"దీపం నేకపోతే ఇంజన్లోళ్లు ఊరుకుంటారేటి?"

"జ్వరంతో నువ్వేటి ఇంజను ఇప్పుతావు? సరే, బేట్రీ నానట్టుకెల్తాను."

బావ మొహంలో రంగు మారింది. జ్వరంతో మారిందో దేనితో మారిందో. "నువ్వెల్లడమేటి? ఆడమనిషివి. అక్కడంతా యాసిడ్డు, ఇనుము. ఒద్దు."

ఆ ఒద్దుతో నేను నిశ్చయించుకున్నాను. మా అత్త అడ్డుపడుతుందనుకున్నాను. పడలేదు. గంపలో గడ్డి వేసి, బ్యాటరీని తనే ఎత్తిపెట్టి, "బేగి ఎల్లు, బస్సు తప్పిపోతాది," అంది. నెత్తిమీద చుట్టకుదురు కూడా తనే సర్దింది.

బస్సులో కండక్టరు గంపలోకి తొంగిచూశాడు. "ఏటమ్మా, పాలా?"

"కరెంటు."

"ఓలమ్మ! ఒలికిపోకుండా అట్టుకో."

ఆ మాట నవ్వులాటకి అన్నాడు గానీ, గంప ఒళ్లో పెట్టుకున్నాను. దిగేసరికి చీర మీద మూడుచోట్ల చిల్లులు పడ్డాయి. అచ్చం బావ చొక్కా చిల్లుల్లాంటివే. పోనీ, ఇదొక్కటి నిజమన్నమాట అనుకున్నాను. చీర పోయినా ఎందుకో కాస్త ఊపిరాడింది.

శ్రీకాకుళంలో వంతెన దాటి, అడిగి అడిగి ఛార్జింగు కొట్టు పట్టుకున్నాను. చిన్న రేకుల కొట్టు. గోడవారన బల్ల మీద బ్యాటరీలు వరసగా పెట్టి ఉన్నాయి. వాటి మూతులు తెరిచి ఉంటే లోపల గంజి ఉడికినట్టు బుడగలు. ముక్కు మండే వాసన. కొట్టతను సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. వేళ్లు పసుప్పచ్చగా మారిపోయాయి. గంప దించగానే బ్యాటరీని గుర్తుపట్టాడు, నన్ను కాదు.

"ఇది ఆ మిలిటరీ బండిది గదా. ఆయన రానేదేటప్పా?"

మావైపు అక్కని అప్ప అంటాం. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లనీ అలాగే పిలుస్తారు. నేనెవరో చెప్పలేదు. "జ్వరం. నాను ఆళ్లింటి మనిషిని," అన్నాను. పెళ్లాన్నని చెబితే మగవాళ్లు మగవాళ్లని కాపాడుకుంటారు.

"కూకోప్పా."

కూర్చున్నాను. కొట్టంతా చూశాను. వెనక గది ఉందా అని చూశాను. లేదు. ఒక పొడుగు బల్ల, దాని మీద చుట్టిపెట్టిన చాప.

"ఆయన రాత్రి ఎక్కడ పడుకుంటాడు బాబూ?"

"ఇక్కడే, ఆ బల్ల మీదే. సినిమా నుంచి వొచ్చినాక."

"సినిమాయా?"

"వొచ్చి బేట్రీ ఇక్కడ పడీస్తాడు, అదుగో ఆ మంగలికొట్లో తల దువ్వించుకుంటాడు, కిళ్లీ నవులుకుంటా సినిమాకి పోతాడు. ఒకే సినిమా ఎన్నిసార్లు సూస్తాడో! నాకు రాత్రి పాటలు కూడా పాడి ఇనిపిస్తాడు. గొంతు బాగోదనుకో."

"ఒక్కడే ఎల్తాడా?"

ఈసారి నావైపు సరిగ్గా చూశాడు. నేనెవరో అప్పటికి తెలిసిపోయి ఉంటుంది.

"నాకేటి తెలుసప్పా? నానేటి ఆ గేటుకాడ నిలబడ్డానేటి?"

అంతే. ఇంక ఆ సంగతి ఎత్తితే పని ఉన్నట్టు అటు తిరిగిపోయాడు. దువ్వినతలకీ తాంబూలానికీ కారణం దొరికింది. సినిమా ఒక్కడే చూడడానికి తల దువ్వించుకోవడం ఎందుకు? అనుమానం ఒక చోటి నుంచి లేచి ఇంకోచోట కూర్చుంది, అంతకంటే ఏం లేదు.

అతను రెండు లావుపాటి తీగలు తెచ్చాడు. వాటి కొనలకి పళ్లున్న క్లిప్పులు, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. బ్యాటరీకి పైన రెండు మొలలుంటాయి. ఒక మొల మీద ఎర్రరంగు ఉంది. ఎర్ర క్లిప్పు దానికి పట్టించబోయాడు.

ఆ ఎరుపు చూసి నాకు ఒళ్లు మండింది. అప్పటిదాకా పెట్టుకున్న కోపం అంతా దానిమీదకి పోయింది. "మా బేట్రీకి బొట్టు మీరెందుకు పెట్టినారు?"

"బొట్టేటి? అది గుర్తు. ఎరుపున్న మొల ప్లస్సు. ఏ కొట్లోనైనా ఇదే లెక్క."

"గుర్తు పెట్టిందెవరు?"

"పెయింటు నానే కొట్టాను. ఆయన మొదటిసారి తెచ్చినప్పుడే దానిమీద ఎర్రగా ఉండీది. మాసిపోతాదని పైన పెయింటు ఏసీసినాను. ఎంతమంది బేట్రీలో, నానేటి అన్నీ గుర్తెట్టుకుంటానేటి?"

"అది మా అత్త కుంకం," అన్నాను.

అతను క్లిప్పు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

నాకు ఆ రోజు కళ్లముందు ఉంది. పళ్లెం పట్టుకున్నది నేనే కదా. అత్త బ్యాటరీ మీద పసుపు రాసింది. ఒక మొలకి చుట్టూ పచ్చటి చిలుం పట్టి ఉంది. బండి చట్రానికి కలిపే పట్టీ ఉన్న మొల అది. "సిలుంపట్టిన దానికి బొట్టేటి, అసుభం," అని రెండో మొలకి, శుభ్రంగా ఉన్నదానికి, కుంకం గట్టిగా అద్దింది. గ్రీజులో కుంకం పడి అతుక్కుపోయింది. అదే చెప్పాను.

అతను చాకు తీశాడు. చిలుం పట్టిన మొల పక్కన గీకడం మొదలుపెట్టాడు. మట్టి లేచింది, చిలుం లేచింది, ఎండిన పసుపు పొరలుగా లేచింది. కింద నల్లటి మూతలోనే పోతపోసిన గుర్తు బయటపడింది. ఒక అడ్డగీత, ఒక నిలువుగీత. నాకు అప్పటికి చదువు లేదు. చాలా ఏళ్ల తరవాత పలకా బలపం పట్టినప్పుడు లెక్కల్లో ఆ గుర్తు కనిపిస్తే, దీన్ని నేను ముందే చూశానని పంతులమ్మతో అన్నాను. ఎక్కడ అంటే చెప్పలేదు.

"ఓలమ్మో," అన్నాడతను. స్టూలు మీద కూలబడ్డాడు. "ప్లస్సు ఇటుంది. దసరా కాడి నుంచీ తిరగేసి ఎక్కిస్తన్నాను. పూర్తిగా సచ్చిపోయిన బేట్రీ గదా, ఎటు ఎక్కిస్తే అటు తిరిగిపోనాది. మీటరెట్టి సూసినా అప్పుడు ఏటీ సూపించదు."

"తిరిగిపోతే?"

"బండిలో డైనమో పాత దారినే ఉన్నాది. బేట్రీ ఎదురు తిరిగిపోనాది. ఆ ఇద్దరూ ఒకరినొకరు నెట్టుకుంటన్నారు. దీపానికి ఏటి మిగులుతాది? కటౌటు మాడిపోతన్నాదేటి?"

"మాడిపోతన్నాది. ముల్లు కూడా అబద్ధమాడతన్నాది."

"ముల్లు నిజమే సెప్తన్నాదప్పా. బేట్రీయే తిరగబడ్డాది." తల గోక్కున్నాడు. "మీ అత్తకి ఒక దండం. నా తప్పేటీ నేదు, ఎరుపు సూసి క్లిప్పు పెట్టడమే మా పని."

తప్పు ఎవరిదని నేను అడగలేదు. ఇప్పుడేం చెయ్యాలో చెప్పమన్నాను. బ్యాటరీని మళ్లీ వెనక్కి తిప్పాలంటే అందులోని కరెంటంతా దింపేసి మొదటినుంచీ ఎక్కించాలన్నాడు. లోపలి పలకలు ఇప్పటికే రాలుతున్నాయి, ఆ బాధ తట్టుకోలేవన్నాడు. దానికంటే డైనమోనే తిప్పెయ్యమన్నాడు. ఈ బండికి ప్లస్సు మొల చట్రానికి కలిపి ఉంటుంది. ఇప్పుడు వచ్చే జీపులకీ లారీలకీ మైనస్సు కలుపుతున్నారు. ఇదీ అలాగే మారిపోతుంది, ఇకమీద ఏ కొట్టువాడూ పొరబడడన్నాడు. ఎలా తిప్పాలో చెప్పి, నా చేత వల్లె వేయించాడు. డైనమో తీగలు రెండూ విప్పాలి. బ్యాటరీ ఎర్రమొల నుంచి ఒక తీగ తెచ్చి డైనమోలో సన్నతీగ వచ్చే మొలకి తాకించి తీసెయ్యాలి. ముల్లు వెనక తీగలు రెండూ అటుది ఇటు, ఇటుది అటు మార్చాలి. కటౌట్‌లో మాడిన ముక్కలు రుద్దాలి. నేను తప్పులేకుండా చెప్పేదాకా వదల్లేదు. మధ్యాహ్నం దాకా బ్యాటరీకి ఎక్కినంత కరెంటు ఎక్కించి, ఎరుపున్న వైపే, మిగతాది ఇంక డైనమోయే నింపుతుందని గంపకెత్తాడు.

ఇంటికి వచ్చేసరికి బావ మంచం మీద కూర్చుని గుమ్మంకేసి చూస్తున్నాడు. నేను బ్యాటరీ సంగతి అంతా చెప్పాను. కుంకం మాట చెప్పినప్పుడు మా అత్త "నాకేటి తెలుసు, నాగలికి పెట్టినట్టే పెట్టాను," అని వంటింట్లోకి పోయింది. సినిమా సంగతి నేను ఎత్తలేదు. తనే ఎత్తుతాడేమోనని చూశాను.

"గురువారం రాత్రి ఎక్కడ పడుకుంటావు బావా?"

"ఆ కొట్లోనే. సూసినావు గదా, బల్ల."

"నిద్ర పడతాదా?"

"ఆఁ, పడతాది."

అబద్ధం కాదు. నిజం మొత్తమూ కాదు. కట్టుకున్నవాడు ఇలా సగం సగం చెబుతుంటే మిగతా సగంలో ఎవరుంటారు?

మర్నాడు ఎండెక్కాక బావ దుప్పటి కప్పుకునే వాకిట్లోకి వచ్చాడు. డైనమో తీగలు విప్పాడు. జ్వరం ఇంకా పూర్తిగా దిగలేదు. బ్యాటరీ నుంచి తెచ్చిన తీగ కొన సరైన చోట తాకించలేకపోతున్నాడు.

"నా చేతికియ్యి," అన్నాను.

"తాకించి తీసీయాల. అట్టుకుని ఉంచీకు, లోపల తీగ మాడిపోతాది."

"అసలు తాకిస్తే ఏటవుతాది?"

డైనమో లోపలి ఇనప దిమ్మల్లో బండి ఆగినా కాస్త అయస్కాంతం మిగిలి ఉంటుందని చెప్పాడు. అది ఏ వైపు మిగిలిందో ఆ వైపే కరెంటు పుడుతుంది. ఎన్నేళ్లు మూలపడేసినా ఇనుము ఆ వైపు మర్చిపోదు. ఇప్పుడు కొత్త వైపు కరెంటు ఒక్కసారి తగిలితే పాతది వదిలేస్తుందన్నాడు.

"ఒక్కసారి తగిల్తేనా?" అంది అరుగు మీద నుంచి మా అత్త. "మనిషికి అలాటిదేటీ నేదేటిరా?"

తాకించాను. చిటుక్కున నిప్పురవ్వ లేచింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. మళ్లీ తాకించాను. మళ్లీ రవ్వ. ఇంతేనా అనిపించింది. ఇన్ని వారాల గొడవకి ఇంత చిన్న రవ్వా? ఇనుము నిజంగా తిరిగిందో లేదో పైకి చూస్తే ఏమీ తెలియదు. అది మునుపెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

బావ తీగలు బిగించాడు, ముల్లు వెనక తీగలు మార్చాడు, ముక్కలు రుద్దాడు. దీపం వేస్తే ముల్లు ఎడమకి వాలింది. "సూసినావా, ఇప్పుడు నిజం సెప్తన్నాది," అన్నాడు. ఇంజను తన్నడానికి ఓపిక లేక నాలుగుసార్లు ఆగాడు. ఇంజను పట్టుకుంది. ముల్లు వణికింది, నడిమికి వచ్చింది, మెల్లగా కుడికి జరిగి అక్కడే నిలబడింది. బావ దుప్పటి జారిపోయినా చూసుకోలేదు. చిన్నపిల్లాడిలా నవ్వాడు.

నేను ఆ నవ్వు అయ్యేదాకా ఆగాను.

"అయితే ఇంక గురువారం శ్రీకాకుళం పనుండదు గదా."

నవ్వు ఉంది గానీ కళ్లు బండి మీదకి దిగిపోయాయి. "ఉండదు," అన్నాడు. కాసేపు ఆగి అన్నాడు.

ఆ కాసేపే నన్ను వారమంతా తినేసింది. డైనమో బాగుంది. దీపం రోజూ వెలిగింది. బావ చీకటిపడ్డాక కూడా ధైర్యంగా వచ్చేవాడు. నాకు మాత్రం గురువారం ఎప్పుడొస్తుందా అని ఉంది. వెళ్తే ఒక లెక్క, వెళ్లకపోతే ఒక లెక్క.

గురువారం వచ్చింది. పొద్దున్నుంచీ బావ బండి చుట్టూ తిరుగుతున్నాడు. తుడిచినదాన్నే తుడుస్తున్నాడు. అన్నం తిని లేచాక, "ఇంజను వాసర్లు అయిపోనాయి. శ్రీకాకుళం కొట్టుకి సరుకొచ్చుంటాది," అన్నాడు, గోడతో చెప్పినట్టు.

"పద. నానూ వొస్తాను."

"నువ్వా? ఎందుకు?"

"వాసర్లు సూడ్డానికి."

మా అత్త వాకిట్లోకి వచ్చింది. "ఊళ్లోంచి మొగుడెనకాల గుర్రమెక్కినట్టు కూకుని పోతావేటే? నలుగురూ ఏటంటారు?"

"ఎద్దులు ఎతకడానికి ఎల్తన్నానత్తా."

ఆవిడ పక్కకి జరిగి దారిచ్చింది. బావకి ఆ మాట ఏమిటో అర్థం కాలేదు.

ఆ రోజుల్లో మా ఊళ్లో ఆడది మోటారు సైకిలెక్కడం ఎవరూ చూడలేదు. రచ్చబండ దగ్గర మాటలాగిపోయాయి. కొంగు నడుం చుట్టూ బిగించి, ముందుకే చూశాను. శ్రీకాకుళంలో బావ నిజంగానే విడిభాగాల కొట్టుకు పోయాడు. నిజంగానే వాసర్లు కొన్నాడు. బయటికి వచ్చి బండి పక్కన నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తెలియనివాడిలా.

"మంగలికొట్టు ఎటు?" అన్నాను.

బావ మొహం చూడాలి. చెవుల దాకా ఎర్రబడింది. "ఆ బేట్రీవోడు సెప్పీసినాడా!"

"సినిమా హాలు ఎటు?"

హాలు దాకా తీసుకెళ్లాడు. మ్యాట్నీకి జనం పలచగా ఉన్నారు. గేటు దగ్గర చీట్లు చించే ముసలాయన బావ చేతిలో చీట్లు చూశాడు, తలెత్తాడు.

"ఏటి బావూ, ఇయ్యాల రెండా? ఎప్పుడూ ఒకటే గదా." అప్పుడు నన్ను చూశాడు. "ఆడోళ్లు అటుపక్క, తల్లీ."

ఆడవాళ్లకి వేరే తలుపు, వేరే బెంచీలు, మధ్యలో నడుమెత్తు గోడ. అది నాకు తెలియదు. ఆ గోడ చూశాక, బావ ఎవరితో వచ్చినా పక్కన కూర్చోవడం కుదరదని అర్థమైంది. అయినా ఊరుకున్నానా? నా పక్కనున్న ప్రతి ఆడమనిషినీ తేరిపారజూశాను. ఒక ముసలమ్మ, పాలుతాగే పిల్లతో ఒకావిడ, జామకాయలు తింటున్న ఇద్దరు అప్పచెల్లెళ్లు. ఎవరైనా గోడమీంచి అటు చూస్తున్నారా అని కాపలా కాశాను. ఎవరూ చూడలేదు. గోడమీంచి చూస్తున్నది నేనొక్కదాన్నే. బావ స్తంభం పక్కన కూర్చుని, నోరు కొంచెం తెరుచుకుని, తెరమీద బొమ్మతోపాటు పెదవులు కదుపుతున్నాడు. మాటలన్నీ బట్టీ వచ్చేశాయి. ఏడుపు ఘట్టం వస్తే ముందే భుజం మీద తువ్వాలు తీసుకున్నాడు. ఏం కథో నాకు ఇప్పటికీ తెలియదు. నేను చూసిన సినిమా అదే.

తిరిగి వస్తుంటే ఊరి పొలిమేర దాటాక అడిగాను. "ముందే సెప్పొచ్చు గదా?"

గాలికి సగం మాటలే వినిపించాయి. "సెప్తే నువ్వూ వొస్తానంటావు... అమ్మ ఒప్పుకోదు... ఇద్దరి మధ్యా నలిగిపోయీది నానే గదా."

ఉండొచ్చు. ఆ ముసలాయనకి ముందే చెప్పిపెట్టి అలా అనిపించాడేమో అని కూడా అనుకున్నాను. కానీ నేను వస్తానని బావకి మధ్యాహ్నం దాకా తెలియదు కదా. తెలియదా? లేదు, తెలియదు. దారిపొడుగునా అదే మనసులో తిప్పుకుంటూ వచ్చాను. పొద్దుగూకింది. బావ దీపం వేశాడు. భుజం మీంచి చూస్తే గాజుబిళ్లలో ముల్లు కనిపిస్తోంది. చీపురుపల్లి దాటేదాకా దాని మీంచి చూపు తియ్యలేదు. గతుకుల్లో ఊగింది, మలుపుల్లో వణికింది. కుడివైపే ఉంది.

ఆ బ్యాటరీ ఎక్కువకాలం బతకలేదు. తరవాత కొత్తది వేసినప్పుడు కూడా మైనస్సే చట్రానికి కలిపాం. పండగలకి అత్త బండి ముందు చక్రానికి మాత్రం బొట్టు పెట్టేది. ఆ గురువారం సినిమా చూసి మేము వచ్చేసరికి బుడ్డిదీపం పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. బావ బండి చావిట్లోకి తోసుకుపోయేదాకా ఆగి, నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"ఎద్దులు కనిపించాయేటే?"

"నేవత్తా," అన్నాను. "అంతా ఎతికాను."